మూడు మూపురాల గేటు

మా బావ ఇంటి గేటు మొదటిసారి చూసినవాళ్ళకి, దాన్ని వెల్డింగ్ చేసినవాడు తాగి ఉన్నాడేమో అనిపిస్తుంది. పైనున్న ఇనప బద్ద తిన్నగా ఉండదు. లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేచి పడుతుంది, అది చాలదన్నట్టు మూడోసారి కూడా లేచి పడుతుంది. ఒంటెకైనా మూపురాలు రెండుకు మించవు. మూడో మూపురం చివర గొళ్ళెం సరిగ్గా పడదు కాబట్టి గేటు ఎప్పుడూ జానెడు తెరుచుకునే ఉంటుంది. వీధికుక్కలు తలతో తోసుకుని వచ్చి మెట్ల మీద పడుకుంటాయి. మా అక్క ఆ మూపురాల మీద తడిబట్టలు ఆరేస్తుంది. తీసేయమని బావ అరుస్తాడు, ఆమె తీయదు.

గేటు అలా ఏడవడానికి కారణం మా బావ శాస్త్రవేత్త కావడమే. ఆయన ఆకాశంలో ఒక అలను కనిపెట్టాడు. దాని బొమ్మ కాగితం మీద గీసుకుని స్వయంగా వెల్డింగ్ షాపుకి వెళ్ళి, పక్కన నిలబడి స్కేలు పెట్టి కొలిపించి మరీ ఆ బద్ద వంచించాడు. తిన్నగా ఉంటే గొళ్ళెం బాగా పడుతుంది సార్ అని వెల్డింగతను మర్యాదగానే చెప్పాడుట. తిన్నగా ఉంటే అది ఎవరి గేటైనా అవుతుందన్నాడుట మా బావ.

ఆ అల సంగతి నాకు అర్థమైనంత వరకు చెబుతాను. సముద్రానికి ఉన్నట్టే గాలికీ ఆటుపోట్లు ఉంటాయి. సముద్రాన్ని చంద్రుడు లాగుతాడు. గాలినేమో సూర్యుడు పగలల్లా వేడిచేసి ఉబ్బిస్తాడు, రాత్రికి అది చల్లారి ముడుచుకుంటుంది. ఆ కదలిక కింద పుట్టి పైకి ఎక్కుతూ పోతుంది. మేఘాలూ విమానాలూ అన్నీ దాటాక, రాలే చుక్కలు కాలిపోయే ఎత్తులో, అది పెద్ద కెరటమై అక్కడి గాలిని ఓసారి వేడెక్కిస్తుంది, ఓసారి చల్లబరుస్తుంది. అంత ఎత్తుకు బెలూను ఎక్కలేదు, ఉపగ్రహం అంత కిందికి దిగలేదు. అందుకని నేల మీదనుంచే పసుపుపచ్చటి లేజర్ కాంతిని నిట్టనిలువుగా పైకి వదులుతారు. కాలిపోయిన చుక్కలు వదిలిన సోడియం అక్కడ పల్చటి పొరగా ఉంటుంది. కాంతి దానికి తగిలి, పిసరంత వెనక్కి వస్తుంది. ఆ పిసరును పెద్ద అద్దంతో పట్టుకుని, పైన గాలి ఎంత వేడిగా ఉందో లెక్క కడతారు. ఈ సరంజామా అంతటినీ కలిపి లైడార్ అంటారు. మామూలు లైడార్లు రాత్రిపూటే పనిచేస్తాయి, ఎందుకంటే పట్టపగలు ఎండలో మన కాంతిని ఏరుకోవడమంటే సంతలో పడిపోయిన చెవిదుద్దు వెతుక్కోవడమే. మా బావ దగ్గరున్నది పగలు కూడా పనిచేస్తుంది. అది మాత్రం నిజంగా గొప్ప సంగతే. కాకపోతే అది ఆయన చేసింది కాదు, కొనిపించింది.

కొన్నది మా సెక్షనే. నేను అదే సంస్థలో కొనుగోళ్ళ విభాగంలో పనిచేస్తాను. లైడార్ గదిలోని అద్దం దగ్గర్నుంచి స్క్రూడ్రైవర్ దాకా అన్నీ నా బల్ల మీదుగా పోయినవే. కాబట్టి ఆయన నాకు ఇంట్లో బావ, ఆఫీసులో సార్. రెండు చోట్లా నాకాయన్ని చూస్తే ఒకేలా ఒళ్ళు మండేది. బావని బావమరిది ఆటపట్టించడం ఎక్కడైనా ఉన్నదే గానీ నాది ఆట కాదు. నాకు ఆయనంటే నిజంగానే చులకన. దాన్ని దాచుకోలేదు కూడా.

సన్నగా పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి తప్పో దిద్దబోతున్నట్టు ముందుకి వంగి ఉంటాడు. బస్సు కండక్టర్ టైం చెబితే అది తప్పంటాడు. ఎండ మండిపోతోందండీ అని పక్కింటాయన మాటవరసకి అంటే, పైన ఈరోజు ఎంత చలిగా ఉందో తెలుసా అని మొదలుపెట్టి ఆయన్ని అదే ఎండలో అరగంట నిలబెడతాడు. పెళ్ళయిన కొత్తలో మా అక్క, ఇంతకీ పైన గాలి వేడెక్కితే మనకేమిటని అమాయకంగా అడిగింది. వారంపాటు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె ఆ విషయం ఎప్పుడూ అడగలేదు. ఆయన మాత్రం అడగకుండానే చెబుతూనే ఉన్నాడు, చెవిలో జోరీగలాగా.

అంత నోరున్న మనిషికి సంస్థలో పూచికపుల్ల విలువ లేదు. ఆయనతో చేరినవాళ్ళంతా పెద్ద గదుల్లోకి, పెద్ద కుర్చీల్లోకి వెళ్ళిపోయారు. ఈయన మేడ చివర లైడార్ గదిలోనే ఉండిపోయాడు. వరండాలో ఎదురుపడితే చూడనట్టు పోయేవాళ్ళు. అది ఆయన్ని లోపల తినేసేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ కోపమంతా ఇంటికొచ్చి కంచం ముందు చూపించేవాడు. తన పేరుతో ఏదో ఒకటి మిగలాలి. అదొక్కటే ఆయన కోరిక. ఏమిటన్నది ముఖ్యం కాదు.

చివరికి అల దొరికింది. రాత్రీ పగలూ ఆపకుండా కొలిచిన రోజుల్లో పైన గాలి ఎనిమిది గంటలకోసారి వేడెక్కి చల్లారుతోందని తేలింది. అంటే రోజుకు మూడు మూపురాలు. ఎనిమిది గంటల పోటు కొత్తదేం కాదు, అలాంటివి ఉన్నాయని ఆ శాస్త్రంలో అందరికీ తెలుసు. మా బావ అలకున్న విశేషం వేరు. మామూలు పోటు ఒక్కో ఎత్తులో ఒక్కో వేళకి కనపడుతుంది, బొమ్మ గీస్తే వాలుగా వస్తుంది. మా బావది అన్ని ఎత్తుల్లోనూ ఒకే క్షణాన లేచి ఒకే క్షణాన పడుతుంది. బొమ్మలో కరెంటు స్తంభంలాగా నిటారుగా నిలబడుతుంది. ఇలా నిలబడకూడదే అని ఇంకొకడైతే బుర్ర గోక్కునేవాడు. మా బావ, ఇంతవరకు ఎవరూ చూడని జాతి అల ఇది అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మధ్యలో అడ్డం వస్తున్న చిన్నా చితకా కదలికలన్నీ తీసి పారేసి, తన మూడు మూపురాలూ నున్నగా కనపడేలా పేపరు రాశాడు. మా డైరెక్టర్ చదివాడో లేదో గానీ రెండో పేరుగా తనది పెట్టించుకున్నాడు. పేపరు అచ్చయింది. ఓ మీటింగులో డైరెక్టర్ మాటల సందర్భంలో ఆ అలను మా బావ పేరుతో పిలిచాడు. ఆ నెలలోనే గేటు లేచింది.

ఆ తర్వాత ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. అల ఎక్కేటప్పుడు తనకి తలనొప్పి వస్తుందని కనిపెట్టాడు. పై గాలితో తన ఒంటికి ఏదో సంబంధం ఉందని, లోకంలో ఇలాంటి శరీరం ఇంకెవరికీ ఉండి ఉండదని చెప్పేవాడు. సెలవురోజుల్లో ఇంట్లో ఉంటే తలనొప్పి ఎందుకు రాదని అడిగాను. నీలాంటివాళ్ళు పక్కనుంటే సూక్ష్మమైనవి తెలియవు అన్నాడు. మండు వేసవి వచ్చేసరికి అల మాయమయ్యేది. దానికీ ఒక పేపరు రాశాడు, అల వేసవి నిద్ర గురించి. ఒక ఏడాది నిద్ర పొడుగు, ఒక ఏడాది పొట్టి. ఆ తేడాకి సూర్యుడి మీది మచ్చలు కారణమని ఇంకో పేపరు. అన్నిటి మీదా రెండో పేరు డైరెక్టర్‌దే.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి, పీహెచ్‌డీ చేయడానికి. మా బావ ఆమెకి సందేహం అని పేరు పెట్టాడు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆమె ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది, జవాబు చెప్పాక ఊరుకోకుండా ఇంకోసారి అడుగుతుంది. పెళ్ళయింది, చంటిపిల్ల తల్లి. పిల్లని అత్తగారి దగ్గర వదిలి రెండు బస్సులు మారి వచ్చేది. థీసిస్ మా బావ అల మీదే. ఒక కాలేజీలో ఉద్యోగం దాదాపు ఖాయం, డిగ్రీ చేతికి రావడమే తరువాయి. యూనివర్సిటీ గడువు ఒకసారి పొడిగించింది, ఇంక పొడిగించమని చెప్పేసింది. ఈ టర్ము దాటితే ఇన్నేళ్ళ చదువూ గంగపాలు. గైడుగా మా బావ సంతకం పెట్టాలి, అంతే.

ఆమెకి ఆ అల నిటారుగా నిలబడటం మొదటినుంచీ నచ్చలేదు. బావ కాన్ఫరెన్సుకని ఊరెళ్ళినప్పుడు గదిలో ఒక చిన్న పని చేసింది.

లైడార్ గదిలో రెండు ఏసీలున్నాయి. ఒకటి కొత్తది. రెండోది డైరెక్టర్ గదిలో పనికిరాదని తీసేసింది, పారేయడం ఇష్టంలేక ఇక్కడ బిగించారు. అది చప్పుడు చేస్తుంది గానీ చల్లబరచదు. యంత్రమైనా విశ్రాంతి లేకపోతే చెడిపోతుందని మా బావే టైమర్ పెట్టించాడు, నాలుగు గంటలు కొత్తది, నాలుగు గంటలు పాతది. తన చేత్తోనే ఆ గంటలు తిప్పి, ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ చెప్పాడు. సందేహం ఆ టైమర్ కట్టేసి రెండు ఏసీలూ ఒకేసారి ఆన్ చేసి ఉంచింది. మూడు మూపురాలూ పోయాయి. మళ్ళీ టైమర్ వేసింది. మూపురాలు తిరిగొచ్చాయి.

పాతది తిరిగే నాలుగు గంటలూ గది వేడెక్కుతుంది. లేజర్ రంగు ఒక్క పిసరు జరుగుతుంది. రంగు జరిగితే ఆకాశం వేడెక్కినట్టు పరికరం లెక్క చెబుతుంది. కొత్తది మొదలవగానే అన్నీ చల్లారతాయి. ఇదీ అల. పేపర్లలో ఆయన సూర్యుడి దాకా వెళ్ళి వెతికింది ఇదే, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఏటా వేసవిలో పాత ఏసీ మొండికేసి ఆగిపోయేది, కొత్తదే రాత్రీ పగలూ తిరిగేది, కాబట్టి అల మాయం. రిపేరు ఫైలు మా సెక్షన్‌లో కదలడాన్ని బట్టి ఆ నిద్ర ఒక ఏడాది పొడుగు, ఒక ఏడాది పొట్టి. సూర్యుడి మచ్చలు కాదు, నా బల్ల. ఇక తలనొప్పి మాట చెప్పక్కర్లేదు, ఆ చప్పుడు ఏసీ కింద కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. ఇదంతా ఆ అమ్మాయి నాకు తర్వాత చెప్పింది. చెబుతుంటే కుర్చీలోంచి పడేంతగా నవ్వాను. ఆమె నవ్వలేదు.

బావకి చూపించినప్పుడు ఆయన బొమ్మ వంక కూడా సరిగ్గా చూడలేదుట. నా యంత్రాన్ని నన్నడక్కుండా ముట్టుకున్నావు కాబట్టి అల చెదిరింది అన్నాడుట. టైమర్ పెట్టెకి ఆ సాయంత్రమే తాళం వేశాడు. థీసిస్ ఇచ్చేముందు అందరి ఎదుటా చెప్పాల్సిన సెమినార్‌లో ఈ ఏసీ అధ్యాయం చూపిస్తే సంతకం ఉండదని, తీసేసి మిగతాది చెప్పుకుంటే మర్నాడే పెడతానని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆమెకి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆమె నా దగ్గరకి వచ్చింది, మా అక్కతో చెప్పించమని. నేను నాకు తోచిన సలహా ఇచ్చాను. అల ఉందనే రాసెయ్, డిగ్రీ తీసుకో, ఉద్యోగంలో చేరాక లేదని రాసుకో, మొన్నటిదాకా ఉన్న అలకి ఇవాళ చచ్చే హక్కు లేదా అన్నాను. నాకు అది పెద్ద విషయంగా అనిపించలేదు. మా బావ అల ఉంటే ఎంత, ఊడితే ఎంత. 

"లేదని తెలిశాక ఉందని చెప్పాలంటే నోరు రావట్లేదండీ. నేర్చుకుందామనే వచ్చాను," అంది. కళ్ళు తుడుచుకోలేదు గానీ తడిగానే ఉన్నాయి.

అక్కతో చెప్పాను. ఆ పూట భోజనాల దగ్గర అక్క నెమ్మదిగా, ఆ పిల్లకి సంతకం పెట్టేయకూడదా, పసిదాన్ని వదిలి వస్తోంది అంది. అంతే, కంచం తోసేశాడు. నీకేం తెలుసు అనడంతో మొదలుపెట్టి, ఈ ఇంట్లో తనకి విలువ లేదని, బయటా లేదని, ఉన్న ఒక్క అలనీ లాక్కుపోవడానికి అందరూ కలిసి కుట్ర చేశారని అన్నాడు. నన్ను చూసి, నువ్వు పళ్ళికిలించకు అన్నాడు. నేను నిజంగానే ఇకిలిస్తున్నాను. అంత వయసొచ్చిన మనిషి ఒక ఏసీ కోసం అలా గింజుకోవడం చూస్తే అసహ్యం వేసింది. ఆ అమ్మాయితో పోలిస్తే ఆయన నిజంగా పురుగులా కనపడ్డాడు నాకు.

సెమినార్‌కి ముందు వారం, లైడార్ గదిలో ఉన్న సామాను సరిచూడటానికి మధ్యాహ్నం అటు వెళ్ళాను. తలుపు అద్దంలోంచి చూస్తే బావ ఒక్కడే ఉన్నాడు. లేజర్ బిగించిన ఉక్కు బల్ల పక్కన కుర్చీ వేసుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, జ్వరం తగ్గిందా అని పిల్లాడి నుదురు చూసినట్టు. కాసేపు ఉంచి తీశాడు, మళ్ళీ పెట్టాడు. పాత ఏసీ గడగడలాడుతోంది. నేను తలుపు కొడితే, తరవాత రా అన్నాడు. అలిగాడు, యంత్రంతో చెప్పుకుంటున్నాడు అనుకున్నాను. సెక్షన్‌లోకి వచ్చి ఈ సంగతి చెప్పి నలుగురిని నవ్వించాను కూడా.

సెమినార్ రోజున హాలు మామూలుకంటే ఎక్కువ నిండింది. తమాషా ఉంటుందని అందరికీ ఎలాగో తెలిసిపోయింది. నాకు అక్కడ పనేమీ లేదు, అయినా వెనక వరసలో కూర్చున్నాను. ముందు వరస మధ్యలో డైరెక్టర్, ఆయనకి ఒక కుర్చీ వదిలి మా బావ. బావ ఇస్త్రీ బట్టల్లో నిటారుగా కూర్చున్నాడు. సందేహం లైడార్ గురించి, ఆటుపోట్ల గురించి అందరికీ తెలిసిందే చెప్పుకుంటూ వెళ్ళింది. ఇక ఆ అధ్యాయం చెప్పదు, ఆపేస్తుంది, అనుకున్నాను. ఒక గుక్క నీళ్ళు తాగి తర్వాతి బొమ్మ వేసింది. పైన గది వేడి, కింద ఆకాశం వేడి. రెండింటికీ మూడేసి మూపురాలు.

హాల్లో సన్నగా నవ్వులు వినపడ్డాయి. 

డైరెక్టర్‌కి నవ్వు రాలేదు. రెండో పేరు ఆయనదే కదా. గొంతు సవరించుకుని, అంతా బాగానే ఉంది గానీ ఒక చిన్న ప్రశ్న అన్నాడు. గది వేడెక్కిన చాలాసేపటికి గానీ ఆకాశంలో మూపురం రావట్లేదు, బొమ్మలోనే కనపడుతోంది. ఏసీయే కారణమైతే రెండూ ఒకేసారి రావాలి కదా, ఆ ఆలస్యం ఎక్కడిది? అంటే అల నిజమేనేమో, గది వేడి కాకతాళీయమేమో. ఆమె బొమ్మ వంక చూసింది. కాగితాలు తిరగేసింది. ఆలోచిస్తానంది. ఆలోచించడానికి ఇప్పుడు వేళ లేదమ్మా, ఇంత పెద్దమాట అనేముందే ఆలోచించాల్సింది అన్నాడు డైరెక్టర్, చాలా ప్రేమగా. ఆమె చెయ్యి పక్కనున్న బల్లని పట్టుకుంది. డిగ్రీ పోయిందని నాకు అక్కడినుంచే అర్థమైంది.

అప్పుడు మా బావ లేచాడు. ఇక దొరికింది సందు, పిల్లని తినేస్తాడు అనుకున్నాను. ఆయన ఆమె వైపు చూడకుండా తెర వైపు చూస్తూ, ఎప్పటిలాగే తప్పు దిద్దే గొంతుతో మాట్లాడాడు.

"ప్రశ్న తప్పు. ఈ అమ్మాయి కొలిచింది గదిలో గాలి. లేజర్ కూర్చున్నది గాలిలో కాదు, ఉక్కు బల్ల మీద. అది గదికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. ఆ ఆలస్యం అదే. బల్ల మీద పెట్టాల్సిన థర్మామీటరు గాలిలో పెట్టింది, అది ఆమె పొరపాటు. నేను బల్ల మీద పెట్టి చూశాను, వారం రోజులు. అల లేదు."

 ఆయన కూర్చోబోయి మళ్ళీ లేచి, థీసిస్‌లో ఆ పేజీ దిద్దుకోమని ఆమెకి చెప్పాడు. అంతటితో అయిపోయినా బాగుండేది. డైరెక్టర్ ఊరుకోలేదు. పరువు నిలుపుకోవాలి కదా, పెద్దగా నవ్వేసి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనివ్వండి సార్. నిజం చెప్పాలంటే మాకందరికీ మొదటినుంచీ అనుమానమే. అంత నిటారుగా అల ఎక్కడైనా ఉంటుందా? మీరు సంతోషంగా ఉన్నారు కదా అని, ఎవరమూ అనలేదు."

ముందు వరసల్లో తలలు ఊగాయి. అవునవునని ఒకరిద్దరు నవ్వారు, మంచిగానే, దయగానే. పేపరు అచ్చయిన రోజున చేతులు కలిపిన వాళ్ళే. గేటు చూడటానికి ఇంటికొచ్చి బాగుందని మెచ్చుకుని, మా అక్క చేతి కాఫీ తాగి వెళ్ళినవాళ్ళే. ఇన్నేళ్ళూ పొద్దున్నే వచ్చి ఆ చప్పుడు ఏసీ కింద కూర్చున్న మనిషిని చూస్తూ, అది అల కాదని తెలిసీ, నోరు తెరిచి ఒక్కమాట చెప్పడానికి ఒక్కరికీ తీరిక లేకపోయింది. మా బావ మీద నాకున్న చులకనంతా పోగేసినా ఆ తలల మీద పుట్టిన రోతకి సరిపోదు. అన్నిటికంటే నీచం డైరెక్టర్ చెయ్యి. అది ఇంకా ఆయన భుజం మీదే ఉంది.

"అందరికీ తెలుసా?" అన్నాడు బావ. ఎవరినీ అడిగినట్టు లేదు. జేబులోంచి పెన్ను తీసి, సందేహం కాగితాలు తెమ్మని సైగ చేసి, నిలబడే సంతకం పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయికి గడువులోపలే డిగ్రీ వచ్చింది, కాలేజీలో చేరింది. పోయేముందు ఇంటికొచ్చి బావకి ఒక బొమ్మ ఇచ్చింది. ఏసీ మూపురాలు తీసేశాక ఆకాశంలో మిగిలింది అది. పన్నెండు గంటల పోటు, చిన్నది, పద్ధతిగా వాలుగా ఉంది. ఇన్నేళ్ళూ అడ్డమొస్తోందని బావ తీసి పారేసిన చిన్నా చితకా అదే. బావ దాన్ని చాలాసేపు చూసి, గీతలు మరీ లావుగా గీశావన్నాడు. ఆమె సరే సార్ అని వెళ్ళిపోయింది.

ఆమె వచ్చి వెళ్ళిన తర్వాతి ఆదివారం పొద్దున్న నేను వెళ్ళాను. ఆయన గేటు దగ్గర నిలబడి గొళ్ళెం పడేలా నూనె వేస్తున్నాడు. వెల్డింగతన్ని పిలవనా, ఈ మూపురాలు కోయించేద్దాం అన్నాను. ఎగతాళిగానే అన్నాను, ఇంకోలా అనడం నాకు అలవాటు లేదు. ఆయన చేతిలో నూనె డబ్బా పట్టుకుని నావైపు తిరిగాడు. కళ్ళు నిద్రలేనట్టు ఉన్నాయి.

"నీకూ తెలుసా?" అన్నాడు.

"లేదు బావా. ఒట్టు. నాకు తెలీదు."

నిజమే, ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఆయనతో నేనన్న మాటల్లో వెటకారం లేనిది బహుశా అదొక్కటే. ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఎలా నమ్ముతాడు, అన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్వుతూనే ఉన్న మనిషిని. ఇంకోసారి ఒట్టు వేయబోయాను గానీ, ఆయన మళ్ళీ గొళ్ళెం వైపు వంగాడు.

"పోనీలే," అన్నాడు. "నువ్వు మొహం మీదే నవ్వావు."

 గేటుకి ఇవతలి వైపు నుంచి మూడో మూపురాన్ని పట్టుకుని గట్టిగా పైకెత్తాను. ఆయన గొళ్ళెం తోశాడు. అది పడింది.